దగ్గరి చెరువు, దగ్గరి చిట్టడవి: ఒకే చోటిని పట్టుకుని పక్షుల్నీ జంతువుల్నీ చూడటం

పక్షుల్ని చూడాలంటే పేరున్న అభయారణ్యానికే వెళ్లాలనుకుంటారు చాలామంది. ఏడాదికోసారి వెళ్లి, మూడు గంటలు తిరిగి వస్తారు. ఆ మూడు గంటల్లో కనబడేది ఆ రోజు అదృష్టం కొద్దీ కనబడినదే. ఇంటికి నడక దూరంలో ఉన్న చెరువుగట్టుకి వారం వారం వెళ్లేవాళ్ల సంగతి వేరు. లకుముకి పిట్ట ఏ కొమ్మ మీద కూర్చుని చేపల కోసం కాచుకుంటుందో, ముంగిస ఏ తుప్ప లోంచి దారి దాటుతుందో వాళ్లకి ముందే తెలుసు. కొత్త పిట్ట వచ్చి వాలితే క్షణంలో పట్టేస్తారు, ఎందుకంటే పాతవన్నీ వాళ్లకి ముఖపరిచయమే. ఈ వ్యాసం అలాంటి చోటొకటి ఎంచుకుని, దాన్ని ఏడాదంతా ఎలా చూడాలో చెబుతుంది.

చిన్న చోటు కదా అని తీసిపారేయక్కర్లేదు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం ప్రకారం మనుషులు తవ్విన చెరువు కూడా చిత్తడి నేలే, కొన్నాళ్లే నీళ్లు నిలిచే మడుగు కూడా చిత్తడి నేలే. పిట్టలు ఈ లెక్కని ఒప్పందం కంటే చాలా ముందునుంచే పాటిస్తున్నాయి.

చోటు ఎంచుకోవడం

మొదటి నియమం దూరం. ఇంటి నుంచి పావుగంటలో చేరలేని చోటు ఎంత గొప్పదైనా మూడో నెలకే మానేస్తారు. రెండో నియమం అంచులు. నీళ్లూ గడ్డీ కలిసే అంచు, గడ్డీ పొదలూ కలిసే అంచు, పొలమూ చెట్ల వరుసా కలిసే అంచు: జీవాలు ఎక్కువగా దొరికేది అక్కడే. అటువైపు తిండి, ఇటువైపు దాక్కోవడానికి చాటు, రెండూ ఒక్క ఎగురు దూరంలో ఉంటాయి. ఒకే రకం చెట్లు వరసగా నాటిన తోపు చూడటానికి పచ్చగా ఉన్నా లోపల నిశ్శబ్దంగా ఉంటుంది. ఎండిన మానులు, ముళ్లపొదలు, పెరిగిపోయిన గడ్డి ఉన్న బీడు దానికంటే ఎన్నో రెట్లు మేలు.

ఉపగ్రహ చిత్రాల మ్యాపు తెరిచి ఇంటి చుట్టూ రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా చూడండి. వాగు వంపు తిరిగే చోట్లు, పొలాల మధ్య వదిలేసిన ముక్కలు, చెరువు వెనక ముంపునేల గుర్తుపెట్టుకోండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలూ దొరుకుతాయి. ఒకే చెరువుని నిండుగా ఉన్నప్పుడూ ఎండినప్పుడూ పోల్చి చూస్తే లోతు తక్కువ ఎటువైపో ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. ఆ వైపే మీరు ఎక్కువసేపు నిలబడాల్సిన గట్టు.

తర్వాత నేల మీద తేల్చుకోవాల్సింది ఒకటే: ఎవరిది ఆ స్థలం? సంరక్షిత ప్రాంతమైతే గేటు దగ్గరి బోర్డు పూర్తిగా చదవండి. తెరిచే వేళలు, నడవకూడని భాగం, గూళ్ల కాలంలో మూసేసే దారి, అన్నీ అందులోనే ఉంటాయి. పొలమైతే రైతుని అడగండి. అడగడం వల్ల వచ్చేది అనుమతి ఒక్కటే కాదు. రోజూ చీకటితో పొలానికి వచ్చే మనిషి మీరు ఏడాదంతా తిరిగినా చూడలేని వాటిని చూసి ఉంటాడు.

ఇక బాట. ఒక కిలోమీటరు, మహా అయితే రెండు కిలోమీటర్లు, తిరిగి మొదలుపెట్టిన చోటికే చేరేలా వేసుకోండి. దారిలో నాలుగైదు నిలిచే చోట్లు పెట్టుకోండి. ప్రతిసారీ అదే బాట, అవే చోట్లు. ఇది విసుగు అనిపించవచ్చు, కానీ ఈ వారం లెక్కని పోయిన వారం లెక్కతో పోల్చగలిగేది బాట మారనప్పుడే.

బైనాక్యులర్ సంగతి

ఈ పనికి కొనాల్సిన వస్తువు నిజానికి ఇదొక్కటే. దాని మీద 8x42 అని ఉంటే, 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. రెండో అంకెని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో వస్తుంది: 8x42కి 5.25 మి.మీ., 10x42కి 4.2 మి.మీ. తెల్లవారుజామున, సందెవేళ ఆ తేడా తెలుస్తుంది. పది రెట్లది కొంటే ఇంకా బాగా కనబడుతుందని ఆశపడి, చేతి వణుకు కూడా పది రెట్లవుతుందని తర్వాత తెలుసుకుంటారు. పైగా దాంట్లో కనబడే మేర కూడా చిన్నది, కాబట్టి కదిలే పిట్టని అందులోకి తెచ్చుకోవడం కష్టం. మొదటిసారి కొనేవాళ్లు 8x42 తీసుకోవడమే మంచిది. బరువు మోయలేకపోతే 8x32. 8x21 లాంటి జేబు సైజువి మసక వెలుగులో పనికిరావు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐ రిలీఫ్ అనే అంకె చూడాలి, అంటే కంటివైపు అద్దం నుంచి కన్ను ఎంత దూరంలో ఉన్నా బొమ్మంతా కనబడుతుందో చెప్పేది. అది 16 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదంటే చుట్టూ నల్లటి అంచుతో, గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. కళ్లద్దాలతో చూసేటప్పుడు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయాలి, కళ్లద్దాలు లేకపోతే బయటికి. తూనీగల్నీ సీతాకోకచిలుకల్నీ కూడా చూడాలనుకుంటే రెండు మీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా కనబడుతుందో లేదో కొనే చోటే పరీక్షించండి.

బైనాక్యులర్ కొని ఏళ్లయినా చాలామంది చేయని పని రెండు కళ్లకీ సరిచూసుకోవడం. దూరంగా అక్షరాలున్న బోర్డుని ఎంచుకోండి. కుడి గొట్టం ముందు అద్దాన్ని చేత్తో మూసి, నడిమి చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా వచ్చేలా చేయండి. ఇప్పుడు ఎడమ గొట్టాన్ని మూయండి. నడిమి చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న వలయాన్ని మాత్రమే తిప్పి అదే బోర్డుని స్పష్టం చేయండి. కొన్ని మోడళ్లలో ఈ వలయం ఇంకోచోట ఉంటుంది, కానీ పద్ధతి ఇదే. ఆ వలయం ఏ గీత దగ్గర ఆగిందో గుర్తుంచుకోండి, ఇక దాన్ని కదపక్కర్లేదు. ఇది చేయకపోతే గంటసేపు చూసేసరికి తలనొప్పి వస్తుంది, నెపం బైనాక్యులర్ మీదికి పోతుంది.

పిట్టని అద్దంలోకి తేవడానికి కిటుకు ఒకటే. కళ్లు పిట్ట మీంచి తీయకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెండి. తల దించి బైనాక్యులర్ అందుకుని మళ్లీ పైకి వెతికితే ఆకులే కనబడతాయి. కదలని కొమ్మ మీద పది పదిహేనుసార్లు సాధన చేస్తే చేయి దానంతటదే అలవాటు పడుతుంది.

బట్టలు మట్టిరంగువి, గరగరలాడనివి. పెన్ను కాదు, పెన్సిల్, ఎందుకంటే తడిసిన కాగితం మీద ఇంకు పారిపోతుంది. నీళ్లు. అంతే.

ఎండ, వేళ, గాలి

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. పొద్దున చెరువుకి తూర్పు గట్టున నిలబడి పడమరకి చూస్తే పిట్టల రంగులన్నీ విప్పినట్టు కనబడతాయి. అదే పొద్దున పడమర గట్టున నిలబడితే ప్రతి పిట్టా నల్లటి బొమ్మే. అందుకే పొద్దున బాట ఒకవైపు నుంచి, సాయంత్రం రెండోవైపు నుంచి నడవాలి.

తెల్లవారాక మొదటి రెండు గంటలు చిన్న పిట్టలవి. పాడేదీ, తిండి కోసం బాగా తిరిగేదీ అప్పుడే. గద్దలూ డేగలూ మాత్రం తొందరపడవు. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాకే అవి రెక్కలు కదపకుండా చక్కర్లు కొడతాయి. కాబట్టి మిగతావాళ్లు ఇంటికి బయలుదేరే వేళకి మీరు ఆకాశం చూడటం మొదలుపెట్టండి. తూనీగలు, సీతాకోకచిలుకలు, తొండలు కూడా ఎండ పడ్డాకే బయటికి వస్తాయి. పొద్దుగూకే ముందు అరగంట రాత్రి బసకి చేరే గుంపులది. కొంగలు, గోరింకలు, చిలుకలు ఏ దిక్కు నుంచి ఏ చెట్టుకి చేరుతున్నాయో ఒక్కచోట కూర్చుని లెక్కపెట్టవచ్చు.

గాలి బలంగా ఉన్న రోజున చిట్టడవిలో ఆకులన్నీ కదులుతుంటాయి, కాబట్టి పిట్ట కదలిక కంటికి చిక్కదు. ఆ రోజు నీటిగట్టుకే వెళ్లండి. జంతువుల్ని చూడాలంటే గాలి మీ ముఖానికి తగిలేలా నడవాలి. వాసన వాటికి చేరితే మీరు ఎంత మెల్లగా అడుగేసినా లాభం లేదు.

నిలబడటం

ఈ పనిలో ఎక్కువమంది చేసే తప్పు నడుస్తూనే ఉండటం. మనిషి వచ్చిన అలికిడికి దగ్గర్లోని జీవాలన్నీ సద్దుమణుగుతాయి. మీరు కదలకుండా ఉంటే కాసేపటికి ఒక్కొక్కటిగా తమ పనిలో పడతాయి. నిలిచే చోటు చేరాక చెట్టు మానుకి ఆనుకుని పదిహేను, ఇరవై నిమిషాలు ఉండండి. మొదటి ఐదు నిమిషాల్లో ఏమీ లేదని అనిపిస్తుంది, చాలామంది వెళ్లిపోయేది అప్పుడే. జమ్ములోంచి నీటికోడి తల బయటపెట్టేది ఆ తర్వాత.

సంరక్షిత ప్రాంతాల్లో మాటు గదులుంటే తలుపు చప్పుడు చేయకుండా వేయండి, కిటికీ రెక్క నిదానంగా తీయండి. చేయి గానీ కెమెరా గొట్టం గానీ బయటికి చాచకండి. లోపలున్న మనిషిని పట్టించుకోని పిట్ట కూడా గోడలోంచి బయటికొచ్చిన చేతిని చూసి లేచిపోతుంది, దాంతోపాటు గుంపంతా లేస్తుంది.

నీళ్ల దగ్గర ఎక్కడ చూడాలో లోతే చెబుతుంది. పొట్టికాళ్ల ఉల్లంకి పిట్టలకి తడి బురద, లేదా నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు. పొడుగుకాళ్లవి మోకాలి కీలు మునిగేదాకా దిగుతాయి. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకి మెడ అందేంత లోతు చాలు. బుడబుంగలకీ నీటికాకులకీ ఇంకా లోతు కావాలి. చెరువు నిండుగా ఉన్నప్పుడు గట్టు పిట్టలు కనబడకపోతే అవి పోయాయని కాదు, వాటికి నిలబడే చోటు లేదు. నీళ్లు తగ్గుతూ బురద అంచు బయటపడే వారాలు చూసుకుని వెళ్లండి. వలస కాలంలో ఆ అంచు మీద వారానికి రెండుసార్లు చూపు వేయాలి, నిన్న లేనిది ఇవాళ దిగి రేపటికి వెళ్లిపోవచ్చు.

తెల్లగా ఉన్నదల్లా ఒకే కొంగ కాదు

గుర్తుపట్టడంలో రంగు చివర రావాలి. ముందు పరిమాణం: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తర్వాత ముక్కు, కాళ్లు, కూర్చునే తీరు, చేస్తున్న పని. తోక పైకీ కిందికీ ఆడిస్తోందా, నేల మీద గెంతుతోందా, నడుస్తోందా? రంగు వెలుగుని బట్టి మారుతుంది, వయసుని బట్టి మారుతుంది, కాలాన్ని బట్టీ మారుతుంది. చాలా జాతుల్లో మగ బాతులు ఈకలు రాల్చే కాలంలో ఆడవాటిలాగే కనబడతాయి. పుస్తకంలోని అందమైన బొమ్మ జోడుకట్టే కాలం నాటిది.

తెల్లకొంగల్ని తీసుకోండి, రంగు ఏమాత్రం సాయం చేయని పాఠం ఇది. పశువుల వెంట తిరిగే కొంగ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ముక్కు పసుపు, గవద కింద ఈకలు గడ్డంలా ఉబ్బి ఉంటాయి. జోడుకట్టే కాలంలో తలా మెడా నారింజ రంగు తేలతాయి. చిన్న తెల్లకొంగ సన్నగా ఉంటుంది. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు. బురదలో ఉన్నప్పుడు వేళ్లు కనబడవు, ఎగిరేదాకా ఆగండి. ఇబ్బంది పెట్టేది పెద్ద తెల్లకొంగ, మధ్యరకం కొంగ. ముక్కు రంగు చూసి తేల్చేయకండి, మామూలు రోజుల్లో పసుపుగా ఉండే ముక్కు జోడుకట్టే కాలంలో రెండింటికీ నల్లబడవచ్చు. నోటి గీత చూడండి. ముక్కు మొదట్లోంచి వెనక్కి సాగే ఆ గీత కంటి కిందనే ఆగిపోతే మధ్యరకం. కన్ను దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ. పెద్దదానికి మెడ మధ్యలో విరిగినట్టు మెలిక కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంత చిన్న గీత చూడాలంటే పక్కకి తిరిగిన ముఖం కావాలి, దానికోసం ఆగాలి. ఒక సాయంత్రమంతా ఈ నాలుగింటి మీదే పెడితే, తర్వాత దేన్ని చూసినా ఎక్కడ చూడాలో కంటికి తెలుస్తుంది.

చెవి

ఆకులు దట్టంగా ఉన్నచోట చూసేదాని కంటే వినేదే ఎక్కువ. ఒకేసారి అన్నీ నేర్చుకోవాలని చూడకండి. మీ బాటలో రోజూ వినబడే ఐదు గొంతులు మొదలు. ఆ ఐదూ తెలిశాక ఆరోది దానంతటదే వేరుగా వినబడుతుంది. అమెరికాలోని పక్షి పరిశోధన సంస్థ కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ చుట్టూ వినబడే కూతని ఫోన్‌తో విని పేరు సూచిస్తుంది. ఎటు చూడాలో చెప్పడానికి అది బాగా పనికొస్తుంది, కానీ పేరు ఖాయం చేయడానికి కాదు. పసులపోలిగాడి జాతి పిట్టలు ఇతర పిట్టల కూతల్ని అచ్చంగా అనుకరిస్తాయి. దాంతో అక్కడ లేని పిట్ట పేరు తెర మీదికి వస్తుంది. కంటితో చూశాకే రాసుకోండి.

ఫోన్‌లో కూత పెట్టి పిట్టని బయటికి రప్పించడం మాత్రం వద్దు. తన చోటులోకి పోటీ వచ్చిందనుకుని అది తిండి మానేసి, గూడు వదిలి వెతుకుతుంది. రోజూ జనం వచ్చే చోట ఒక్కొక్కరూ ఒక్కసారి పెట్టినా ఆ పిట్టకి అది పదిసార్లు.

కనబడనివాటి జాడలు

క్షీరదాల్లో చాలావరకు రాత్రి తిరుగుతాయి. వాటిని చదవాల్సింది పొద్దున్నే, మనుషుల అడుగులు పడకముందు, తడి బురదలోనూ మెత్తటి దుమ్ములోనూ. నాలుగు వేళ్లు, ముందు గోళ్ల గుర్తులు, వెడల్పు కంటే పొడుగు ఎక్కువ: కుక్క, నక్క జాతి. నాలుగు వేళ్లే గానీ గోళ్లు పడలేదు, ముద్ర గుండ్రం, మడమ మెత్త వెనక అంచున మూడు బొడిపెలు: పిల్లి జాతి. ఐదు వేళ్లూ పడితే నీటికుక్క ఉండవచ్చు, ముంగిస ఉండవచ్చు, పరిమాణం చూసి తేల్చుకోవాలి. కుందేలు గెంతుతుంది కాబట్టి పెద్దవైన వెనక పాదాల గుర్తులు ముందు పాదాల గుర్తుల కంటే ముందు పడతాయి. అది తెలియకపోతే కుందేలు వచ్చిన దిక్కుకి మీరు వెతుకుతూ వెళతారు. ప్రతి ముద్ర పక్కనా స్కేలో పెన్సిలో పెట్టి, నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. కొలత లేని ఫోటో ఇంటికెళ్లాక ఏమీ చెప్పదు.

రాళ్ల మీద చేప పొలుసులతో నిండిన పెంట, చేపవాసన ఉంటే నీటికుక్కలు అక్కడికి పదే పదే వస్తున్నాయన్నమాట. పండ్ల గింజలతో నిండినది పునుగుపిల్లి పని అయ్యుండవచ్చు. గుడ్లగూబ బస కింద బొటనవేలంత బూడిదరంగు ఉండలు దొరుకుతాయి. అవి రెట్ట కాదు, అరగని వెంట్రుకల్నీ ఎముకల్నీ అది నోట్లోంచి కక్కేసిన ముద్దలు. చేతి తొడుగులతో తెచ్చి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పుల్లతో మెల్లగా విడదీయండి. వెంట్రుకల మధ్య గోరంత పుర్రెలు బయటపడతాయి. ముందు ఉలి లాంటి రెండు పళ్లు, తర్వాత ఖాళీ, ఆ తర్వాత దవడ పళ్లు ఉంటే ఎలుక జాతి. ఖాళీ లేకుండా వాడి పళ్లు వరసగా ఉంటే చుంచు. ఆ చుట్టుపక్కల ఏ చిన్న జంతువులున్నాయో గుడ్లగూబే సేకరించి ఇచ్చిన జాబితా అది.

రాత్రి నడకకి టార్చిని కంటి ఎత్తులో పట్టుకోవాలి. జంతువు కంట్లోంచి వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళుతుంది, టార్చి నడుము దగ్గరుంటే ఆ మెరుపు మీ కంటికి చేరదు. గడ్డిలో మంచుచుక్కల్లా మెరిసేవి చాలావరకు సాలెపురుగుల కళ్లు. ఏ జంతువు మీదా వెలుగు రెండు మూడు క్షణాల కంటే నిలపకండి. ఒంటరిగా వెళ్లకండి.

గూడు కనబడితే

వెనక్కి తగ్గండి. మేత ఆపి తల నిటారుగా ఎత్తడం, ఆపకుండా అరవడం, నోట్లో పురుగు పట్టుకుని గూటికి వెళ్లకుండా కొమ్మలు మారుతూ ఉండటం, ఇవన్నీ మీరు మరీ దగ్గరికొచ్చారన్న మాటే. నేల మీద రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయే పిట్ట మిమ్మల్ని గుడ్లకి దూరంగా లాక్కెళుతోంది. వెంటనే ఆగి, అడుగు పెట్టేచోటు చూసుకుంటూ వచ్చిన దారినే వెళ్లిపోండి.

తీతువు గుడ్లు గులకరాళ్ల మధ్య, గూడంటూ లేకుండానే ఉంటాయి. మండుటెండలో అది పొదగడానికే కాదు, గుడ్లకి నీడ పట్టడానికి కూడా కూర్చుంటుంది. నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లని చల్లబరుస్తుంది. మీరు ఫోటో కోసం అరగంట దగ్గర్లో నిలబడితే ఆ అరగంటా గుడ్లు ఎండకి ఉడుకుతాయి, పైనుంచి కాకులు చూస్తుంటాయి. ఎండిన చెరువు నేల మీద, ఇసుక మేటల మీద గూళ్ల కాలంలో నడవకుండా గట్టు మీంచే చూడాలని చెప్పేది అందుకే.

గూటి ఫోటో, దాని చోటు ఎక్కడా పెట్టవద్దు.

ఇక మీ ఒంటి సంగతి. గడ్డిలో చీలమండ దాటే బూట్లు వేసుకోండి. పడిపోయిన మానుని దాటేటప్పుడు అవతల ఏముందో చూడకుండా కాలు వేయకండి, ముందు దాని మీద ఎక్కి చూడండి. ఎండినట్టు పగుళ్లు పెట్టిన చెరువు బురద పైన గట్టిగా ఉండి కింద మెత్తగా ఉండవచ్చు, కర్రతో గుచ్చి చూడకుండా దిగకండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ చేయకుండా, ఆ అవయవాన్ని కదపకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి.

రాసుకోవడం

ప్రతి నడకకీ తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, నడిచిన దూరం, గాలి, మబ్బు, నీటిమట్టం రాయండి. నీటిమట్టానికి తూము మెట్లో, ఏదో ఒక రాయో గుర్తుగా పెట్టుకుంటే చాలు. జాబితాలో అరుదైనవే కాదు, కాకులూ గోరింకలూ కూడా ఎన్నో రాయండి. ఇవాళ ప్రతిచోటా ఉన్నది పదేళ్ల తర్వాత తగ్గితే, ఎప్పటి నుంచి తగ్గిందో చెప్పేది ఆ విసుగు పుట్టించే అంకెలే.

పెద్ద గుంపు దిగితే అంచు నుంచి ఇరవై పిట్టలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ ఇరవై ఎంత మేర ఆక్రమించాయో కంటితో పట్టుకుని, గుంపంతటిలో అలాంటి మేరలు ఎన్ని ఉన్నాయో చూడండి. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటాయి కాబట్టి ఇరవైని రెండుచోట్ల కొలవాలి. కంటి అంచనా సాధారణంగా అసలుకంటే తక్కువే వస్తుంది.

అందరి పక్షుల జాబితాల్నీ ఒకచోట చేర్చే వెబ్‌సైట్, 2002లో మొదలైన ఈబర్డ్‌లో ఈ జాబితాలు పెట్టవచ్చు. అక్కడ ఒకచోటే నిలబడి చూసిన లెక్క వేరు, నడుస్తూ చూసిన లెక్క వేరు, రెంటినీ కలపకండి. గుర్తుపట్టినవన్నీ రాశారా అని అడుగుతుంది. నచ్చినవే రాసి అవునని నొక్కితే, రాయనివి అక్కడ లేనట్టే లెక్కలోకి వెళతాయి. తేల్చుకోలేని పిట్టని ఊహించి పేరు పెట్టకుండా, ఉల్లంకి జాతి అనో గద్ద జాతి అనో వదిలేయండి. పిట్టలు కానివాటికి ఐనేచురలిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది. ఫోటో, చోటు, తేదీ పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు.

ఏమీ కనబడని రోజు కూడా వేళతో సహా రాసి పెట్టండి. బుడబుంగలు ఏ వారం నుంచి లేవో వచ్చే ఏడు వెతుక్కునేది ఆ పేజీలోనే.